ఉరుగ్వే మాస్టారు

2018 జూన్ 15. ప్రపంచ కప్‌లో ఈజిప్టు, ఉరుగ్వే ఆడుతున్నాయి. మన దగ్గర సాయంత్రం ఐదున్నరకు మొదలైన మ్యాచ్. రష్యాలోని యెకాతెరిన్‌బర్గ్ స్టేడియంలో చాలా కుర్చీలు ఖాళీగా కనిపిస్తున్నాయి. ఆట చప్పగా సాగుతోంది. గాయం నుంచి కోలుకుంటున్న ఈజిప్టు ప్రధాన ఆటగాడు సలా బెంచీ మీదే కూర్చున్నాడు. ఉరుగ్వే స్ట్రైకర్ సువారెజ్ మైదానంలో ఉన్నాడన్న మాటేగాని గోలు ముందుకొచ్చేసరికి తడబడుతున్నాడు. నాన్న పక్కన కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. ఆయనకు ఫుట్‌బాల్ పట్టదు. మధ్యలో ఒకసారి తలెత్తి చూసినప్పుడు తెర మీద ఉరుగ్వే బెంచీ కనిపించింది. నెరిసిన జుట్టు, చేతికర్ర, ఏ తొందరా లేని ముఖం.

"ఎవరాయన? నడవలేకపోతున్నట్టున్నారే" అన్నారు.

"వాళ్ల కోచ్. ఒకప్పుడు ఎలిమెంటరీ బడిలో పంతులు" అన్నాను.

నాన్న పేపరు మడిచి పక్కన పెట్టారు. ఆయన ముప్ఫై ఏళ్లకు పైగా ప్రాథమిక పాఠశాలల్లో పనిచేశారు. అందులో సగం కాలం రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి ఒక్కరే చెప్పాల్సిన బడుల్లో.

88వ నిమిషంలో ఉరుగ్వే ఆటగాడు కవానీ కొట్టిన ఫ్రీకిక్ గోల్‌పోస్టుకు తగిలి వెనక్కి వచ్చింది. ఆ వెంటనే కుడివైపు నుంచి సాంచెజ్ ఇంకో ఫ్రీకిక్ వేశాడు. ఈజిప్టు ఆటగాళ్లందరి కంటే ఎత్తుకు లేచి హిమెనెజ్ తలతో బంతిని లోపలికి దూర్చాడు. కెమెరా మళ్లీ బెంచీకి వెళ్లింది. 71 ఏళ్ల పెద్దాయన కర్ర మాట మరిచిపోయి లేచి నిలబడ్డారు. ఉరుగ్వే ప్రపంచ కప్‌ను గెలుపుతో మొదలుపెట్టడం 1970 తర్వాత అదే మొదటిసారి.

ఆయన పేరు ఓస్కార్ తబారెజ్. ఇంగ్లిష్ వ్యాఖ్యాతలు ఆయన్ని 'ఎల్ మాయెస్త్రో' అంటూ ఒక బిరుదులా పలుకుతారు. వినేవాళ్లకు వాద్యబృందం ముందు చేతులు ఊపే సంగీత విద్వాంసుడు గుర్తొస్తాడు. ఉరుగ్వేలో ఆ మాటకు అంత ఆర్భాటం లేదు. చిన్నపిల్లలకు అక్షరాలు, ఎక్కాలు నేర్పే మనిషిని అక్కడ మాయెస్త్రో అంటారు. తబారెజ్ రాజధాని మాంటెవిడియోలో నిజంగానే ఆ ఉద్యోగం చేశారు. ఆ దేశంలో ప్రభుత్వ బడిపిల్లలు తెల్ల అంగీ తొడుక్కుని మెడ దగ్గర నీలం రంగు రిబ్బను ముడి కట్టుకుంటారు. ధనికుడి బిడ్డకైనా కూలివాడి బిడ్డకైనా అదే దుస్తు. 1877లో హోసే పెద్రో వరేలా చొరవతో వచ్చిన చట్టం అక్కడ చదువును ఉచితం, నిర్బంధం చేసింది. అలాంటి దేశంలో పంతులు అన్న మాటకు ఉన్న బరువు తెలుగులో ఇట్టే తెలుస్తుంది, ఎందుకంటే మనకు 'మాస్టారు' అన్న మాట ఉంది. ఇక నుంచి నేనూ అలాగే పిలుస్తాను.

మాస్టారి గురించి ఎక్కడ చదివినా ఒకే తీర్పు కనిపిస్తుంది: ఐరోపాలో నెగ్గుకు రాలేకపోయారు, సొంత దేశంలో రాణించారు. మనిషికి అక్కడి స్థాయి చాలలేదని, తనవాళ్ల మధ్యకు వచ్చాక కుదురుకున్నాడని దాని తాత్పర్యం. ఇది నాకు ఏళ్ల తరబడి మింగుడుపడని తీర్పు. 1996లో ఇటలీ క్లబ్బు మిలన్‌లో ఉన్నదీ, 2006 తర్వాత మాంటెవిడియోలో ఉన్నదీ ఒకే మనిషి. పద్ధతీ ఒకటే. అక్కడ ఆయనకు గడువు ఇవ్వలేదు, ఇక్కడ ఇచ్చారు. ఫలితాల్లో తేడా అంతా ఆ ఒక్క దగ్గరే ఉందని నా వాదన.

ఆటగాడిగా ఆయన చెప్పుకోదగ్గవారేమీ కాదు. డిఫెండర్‌గా చిన్న క్లబ్బుల్లో, కొంతకాలం మెక్సికోలో ఆడి 32 ఏళ్లకు ఆపేశారు. వెంటనే కోచింగ్‌లోకి దిగారు. 1983లో పాన్ అమెరికన్ క్రీడల్లో ఉరుగ్వే కుర్రాళ్లకు స్వర్ణం తెచ్చిపెట్టారు. 1987లో పెన్యారోల్ క్లబ్బు ఆయన చేతికి వచ్చింది. కుర్రాళ్లే ఎక్కువగా ఉన్న జట్టు. ఆ ఏడాది దక్షిణ అమెరికా క్లబ్బుల పోటీ కోపా లిబర్తదోరెస్ ఫైనల్లో కొలంబియాకు చెందిన అమెరికా ద కాలీ ఎదురైంది. చెరొక మ్యాచ్ గెలిచాక మూడోది చిలీలోని సాంతియాగోలో పెట్టారు. 'డ్రా' అయితే గోల్స్ తేడా లెక్కన కప్పు కొలంబియా క్లబ్బుదే. అదనపు సమయం కూడా అయిపోతోంది. ఇంకా కొన్ని క్షణాలుంటే రెఫరీ ఈల ఊదుతాడనగా డియెగో అగిర్రే ఎడమవైపు నుంచి దూసుకొచ్చి కొట్టేశాడు. పెన్యారోల్‌కు అది ఐదో లిబర్తదోరెస్.

మరుసటి ఏడాదే జాతీయ జట్టు పిలిచింది. అప్పటికి ఉరుగ్వే పేరు ప్రపంచంలో బాగా చెడిపోయి ఉంది. 1986 ప్రపంచ కప్‌లో స్కాట్లాండ్ మీద ఆట మొదలై నిమిషం నిండకముందే బతిస్తా అనే డిఫెండర్‌కు ఎర్రకార్డు పడింది. 'గర్రా చర్రువా' అని అక్కడివాళ్లు ఒక మాట గర్వంగా చెప్పుకుంటారు. చర్రువా అంటే అక్కడి ఆదివాసీ తెగ, గర్రా అంటే పంజా. ఎంతటి ప్రత్యర్థినైనా తెగించి ఎదుర్కొనే గుణానికి పెట్టిన పేరది. 1950లో రెండు లక్షల మంది బ్రెజిలియన్ల ముందు రియోలోని మరకానా స్టేడియంలో ప్రపంచ కప్పు ఎత్తుకొచ్చినప్పుడు ఆ మాటకు విలువుండేది. ఎనభైలకు వచ్చేసరికి కాలు తొక్కడానికి, చొక్కా లాగడానికి అదొక సాకు అయిపోయింది. మాస్టారు ఆ అలవాటు మాన్పించడానికి పూనుకున్నారు. 1989లో దక్షిణ అమెరికా దేశాల పోటీ కోపా అమెరికాలో జట్టు చివరి మ్యాచ్ దాకా పోటీలో నిలిచి, మరకానాలో రొమారియో గోలుతో బ్రెజిల్‌కు ఓడింది. తేదీ జూలై 16, అంటే 1950 నాటి తేదీయే. 1990 ప్రపంచ కప్‌లో గ్రూపు దాటి, రోమ్‌లో ఆతిథ్య ఇటలీ చేతిలో ఇంటిదారి పట్టింది. మాస్టారు తప్పుకున్నారు.

అర్జెంటీనా క్లబ్బు బోకా జూనియర్స్‌లో 1992 అపెర్తూరా (అక్కడి అర్ధ సీజన్ లీగ్) గెలిపించి ఆ క్లబ్బుకు పదకొండేళ్ల లీగ్ కరువు తీర్చారు. ఇటలీలో కాల్యారి లాంటి చిన్న క్లబ్బును తొమ్మిదో స్థానంలో నిలిపారు. అది చూసి 1996లో ఏసీ మిలన్ పిలిచింది.

మిలన్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఆయన మీద పడిన మచ్చంతా అక్కడిదే కాబట్టి. అంతకు ముందు కోచ్ కాపెల్లో అప్పుడే లీగ్ గెలిపించి మాడ్రిడ్ వెళ్లిపోయారు. జట్టులో బరేసి, మాల్దీని, జార్జ్ వేయా, రొబెర్తో బాజో ఉన్నారు. పేర్లు చూస్తే ఎవరు కూర్చున్నా గెలిపించగలరని అనిపిస్తుంది. కానీ బరేసికి అప్పటికి 36 ఏళ్లు, జట్టు వెన్నెముక అరిగిపోతోంది. డిసెంబరు మొదట్లో పియాచెంజా చేతిలో 3-2తో ఓడగానే మాస్టారిని తీసేశారు. పట్టుమని ఐదు నెలలు కూడా కాలేదు. సరే, ఆ తర్వాత ఏమైంది? ఆ క్లబ్బును యూరప్ విజేతగా నిలిపిన సాక్కీని వెనక్కి పిలిచారు. సీజన్ ముగిసేసరికి మిలన్ 11వ స్థానంలో ఉంది. మరుసటి ఏడాది కాపెల్లోనే తిరిగి తెచ్చుకున్నారు. 10వ స్థానం. ఇటలీ కన్న ఇద్దరు మహా కోచ్‌లు నిండు బలగంతో బాగుచేయలేకపోయిన జట్టును ఒక ఉరుగ్వే పంతులు నాలుగైదు నెలల్లో బాగుచేయలేదని ఇరవై ఏళ్లు దెప్పిపొడిచారు. సాక్కీ పేరు చెప్పినప్పుడు ఆ 11వ స్థానాన్ని ఎవరూ ఎత్తరు, మాస్టారి పేరు చెప్పగానే పియాచెంజా వస్తుంది. ఇది నాకు న్యాయంగా తోచదు.

తర్వాత స్పెయిన్‌లో ఒవియేదో, మళ్లీ కొన్నాళ్లు కాల్యారి, అర్జెంటీనాలో వెలెజ్, మళ్లీ బోకా. 2002 తర్వాత నాలుగేళ్లు చేతిలో పని లేదు.

ఆ మధ్య కాలంలో ఉరుగ్వే పరిస్థితి మరీ దిగజారింది. 1995లో సొంతగడ్డ మీద కోపా అమెరికా గెలిచిన మాట నిజమే. ప్రపంచ కప్‌ల విషయానికొస్తే 1994లో లేదు, 1998లో లేదు, 2002లో తొలి రౌండులోనే వెనుదిరిగింది, 2006కు సిడ్నీలో ఆస్ట్రేలియా చేతిలో పెనాల్టీల్లో ఓడి దూరమైంది. ఈ లోపు అరడజనుకు పైగా కోచ్‌లు మారారు. వచ్చిన ప్రతివాడూ తనకు నచ్చిన ఆటగాళ్లను తెచ్చుకోవడం, ఓడగానే సామాను సర్దుకోవడం.

2006 మార్చిలో మాస్టారు మళ్లీ బాధ్యత తీసుకున్నారు. వస్తూ ఒక పత్రం తెచ్చారు. జాతీయ జట్లను ఒక వ్యవస్థగా నిలబెట్టడం, ఆటగాళ్లను తీర్చిదిద్దడం ఎలాగో రాసిన ప్రణాళిక అది. జనం దాన్ని 'ఎల్ ప్రొసేసో', అంటే ప్రక్రియ, అని పిలుచుకున్నారు. అందులో మంత్రాలేవీ లేవు. అండర్-15 నుంచి పెద్దల జట్టు వరకూ అందరూ ఒకే ఆవరణలో తర్ఫీదు పొందాలి. ఆట పద్ధతి కింది నుంచి పైదాకా ఒకే తీరున సాగాలి. పిల్లవాడు ఒక మెట్టు ఎక్కితే పై మెట్టు మీద అతనికి కొత్తగా ఏమీ అనిపించకూడదు. ఎదురైన వాళ్లను పలకరించాలి. బడి మానకూడదు. పదిహేనేళ్ల కుర్రాళ్లలో చాలామంది వృత్తి ఆటగాళ్లు కాలేరని పంతులుగా పనిచేసిన మనిషికి తెలుసు. అందుకే వాళ్ల చదువు సంగతి జట్టు పనిలో భాగమైంది. నాన్నకు ఇదంతా చెప్పినప్పుడు ఆయన ఒకటే అడిగారు: "హాజరు ఎవరు చూస్తారు?" ముప్ఫై ఏళ్లు హాజరు పట్టీ రాసిన మనిషి ప్రశ్న అది. మిగతా పాఠమంతా దాని మీదే నిలబడుతుందని ఆయన నమ్మకం.

ఇప్పుడు అసలు విషయం. ఈ ప్రణాళిక వెంటనే పండలేదు. 2007 కోపాలో నాలుగో స్థానం. 2010 ప్రపంచ కప్ అర్హత పోటీల్లో మూడేళ్లు గడిచాక కూడా జట్టు ఊగిసలాడుతూనే ఉంది. కీటోలో ఎక్వడార్ మీద చివరి క్షణాల్లో ఫోర్లాన్ కొట్టిన పెనాల్టీ ఆదుకుంది. ఆఖరి మ్యాచ్‌లో మాంటెవిడియోలోనే అర్జెంటీనాకు ఓడింది. ఐదో స్థానంతో సరిపెట్టుకుని కోస్టారికాతో ప్లేఆఫ్ ఆడి గట్టెక్కింది. మిలన్ కొలమానంతో కొలిస్తే ఆయన ఉద్యోగం అంతకు ముందే నాలుగుసార్లు పోయి ఉండాలి. ఉరుగ్వే ఫుట్‌బాల్ సంఘం తీసేయలేదు. ఆ ఒక్క ఓర్పుకు దక్కిన ఫలం దక్షిణాఫ్రికాలో కనిపించింది.

ఘనాతో క్వార్టర్ ఫైనల్ మనకు అర్ధరాత్రి పన్నెండుకు మొదలైంది. నేను ఇల్లంతా నిద్రపోతుంటే టీవీ శబ్దం తగ్గించుకుని చూశాను. 1-1 మీద అదనపు సమయం చివరి క్షణాల్లో గోల్‌లైన్ మీద నిలబడి సువారెజ్ చేతులతో బంతిని ఆపాడు. ఎర్రకార్డు, పెనాల్టీ. ఏడుస్తూ బయటికి వెళుతున్నవాడు సొరంగం దగ్గర ఆగి వెనక్కి చూశాడు. ఘనా ఆటగాడు జ్యాన్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు తగిలి పైకి పోయింది. తర్వాత షూటౌట్‌లో అబ్రెయు పరుగెత్తుకొచ్చి బంతిని అలా మెల్లగా ఎగరేసి మధ్యలో పడేశాడు. ఆఫ్రికా ఖండమంతా ఆ రాత్రి ఏడ్చింది, నాకు అది అర్థమవుతుంది. కానీ దాన్ని మోసం అనేవాళ్లతో నేను ఏకీభవించను. నేరం జరిగింది, నిబంధనల్లో ఉన్న శిక్షంతా పడింది, పెనాల్టీ దక్కింది. అది తప్పిపోయింది. సెమీస్‌లో నెదర్లాండ్స్ చేతిలో 3-2, మూడో స్థానం కోసం జర్మనీ చేతిలో 3-2. ఫోర్లాన్‌కు టోర్నీ ఉత్తమ ఆటగాడి బహుమతి. 35 లక్షల జనాభా కూడా లేని దేశం నలభై ఏళ్ల తర్వాత సెమీస్ ఆడింది. నాలుగో స్థానంతో తిరిగొచ్చిన జట్టుకు మాంటెవిడియో వీధుల్లో జనం బారులు తీరారు. మాస్టారు తరచూ చెప్పే మాట ఒకటుంది, నడిచిన దారే ప్రతిఫలమని. ఆ రోజు జనానికి దాన్ని విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

మరుసటి ఏడాది అర్జెంటీనాలో జరిగిన కోపా అమెరికాలో ఆతిథ్య జట్టును పెనాల్టీల్లో, ఫైనల్లో పరాగ్వేను 3-0తో ఓడించి పదిహేనో టైటిల్ గెలిచారు. దాని కంటే నేను ఎక్కువగా చెప్పుకునేవి వేరే రెండు: 2011లో అండర్-17 ప్రపంచ కప్ ఫైనల్, 2013లో అండర్-20 ప్రపంచ కప్ ఫైనల్. రెండింటిలోనూ ఓడారు. కానీ అంత చిన్న దేశం పిల్లలు వరుసగా అంత దూరం వెళ్లారంటే కింది తరగతుల్లో పాఠం నడుస్తోందని అర్థం. 2013 ఫైనల్ ఆడిన కుర్రాళ్లలో హోసే మరియా హిమెనెజ్ ఒకడు. యెకాతెరిన్‌బర్గ్‌లో ఈజిప్టు మీద తల తగిలించింది అతనే.

మాస్టారితో నాకు పేచీ ఉన్నది ఒక్క దగ్గర. 2014లో ఇటలీ మ్యాచ్‌లో సువారెజ్ కియెల్లీని భుజం కొరికాడు. అంతకు ముందు నెదర్లాండ్స్‌లో ఒకసారి, ఇంగ్లండ్‌లో ఒకసారి అదే పని చేసినవాడు. ఫిఫా తొమ్మిది మ్యాచ్‌ల నిషేధం, నాలుగు నెలల వెలి విధించింది. కొలంబియా మ్యాచ్ ముందురోజు మరకానాలో మాస్టారు పత్రికల ముందు సుదీర్ఘ ప్రకటన చేసి, ఫిఫాలో తనకున్న పదవులు వదులుకుంటున్నానని చెప్పి, ప్రశ్నలు తీసుకోకుండా లేచి వెళ్లిపోయారు. తన పిల్లవాణ్ని నలుగురి మధ్య వదిలేయని గుణం నాకు నచ్చింది. శిక్ష మరీ ఎక్కువైందని కొరికించుకున్న కియెల్లీనీయే అన్నాడు కూడా. అయినా మూడోసారి అదే తప్పు చేసినవాడి విషయంలో, శిక్ష గురించి మాట్లాడినంత గట్టిగా తప్పు గురించి మాట్లాడి ఉండాల్సింది. తరగతి గదిలో అయితే ఆయన అలాగే చేసేవారని నా నమ్మకం.

2016 నాటికి నరాల జబ్బు కాళ్లను పట్టుకుంది. ఆ ఏడాది కోపా అమెరికాలో విద్యుత్ స్కూటర్ మీద కూర్చుని తర్ఫీదు చూసుకున్నారు. రాజీనామా చేస్తారని అందరూ అనుకున్నారు. ఆయన మాత్రం డెబ్బై ఏళ్ల వయసులో జట్టు నడుము భాగాన్ని, అంటే మిడ్‌ఫీల్డ్‌ను, మొత్తం మార్చేశారు. బంతి తీసుకుని ఆడగల కుర్రాళ్లను, బెంతాంకుర్, తొర్రేరా, నాందెజ్ లాంటివాళ్లను తెచ్చారు. ఆయనది వట్టి రక్షణ ఆట అని విమర్శించేవాళ్లు ఈ సంగతి దాటేస్తారు. 2018లో పోర్చుగల్‌ను పంపించి క్వార్టర్స్‌కు వెళ్లిన జట్టు అదే. గాయపడిన కవానీ లేకుండా ఫ్రాన్స్‌ను ఎదుర్కొని 2-0తో ఓడింది. ఆట ఇంకా ముగియలేదు. ఫ్రాన్స్ ఫ్రీకిక్‌కు గోడ కట్టి నిలబడ్డ ఉరుగ్వే ఆటగాళ్లలో హిమెనెజ్ వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే తన చోటు వదలకుండా నిలబడ్డాడు. ఆ దృశ్యాన్ని నేను చాలాసార్లు చూశాను. తెగువకు, కాలు తొక్కడానికి తేడా తెలియని దేశం ముప్ఫై ఏళ్లలో ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో ఆ కుర్రవాడి ముఖంలో కనిపిస్తుంది.

2021 అక్టోబరు, నవంబరుల్లో నాలుగు ఓటములు వరుసగా వచ్చాయి. అర్జెంటీనాతో 3-0, బ్రెజిల్‌తో 4-1, మళ్లీ అర్జెంటీనాతో 1-0, లా పాజ్ ఎత్తుల్లో బొలీవియాతో 3-0. పదకొండు గోల్స్ ఇచ్చి ఒక్కటి కొట్టారు. ప్రపంచ కప్ అర్హత పోటీల్లో జట్టు ఏడో స్థానానికి జారింది. అవి ఘోరమైన ఫలితాలే, నేను కప్పిపుచ్చను. నవంబరు 19న సంఘం ఆయన్ని తొలగించింది. 74 ఏళ్లు, రెండు విడతలూ కలిపి 200కు పైగా మ్యాచ్‌లు. కొత్త కోచ్ డియెగో అలోన్సో వచ్చి మిగిలిన నాలుగూ గెలిచి ప్రపంచ కప్‌కు తీసుకెళ్లారు. తొలగించడం సరైనదేనని అప్పుడందరూ అన్నారు. నాలుగు ఓటములు పదిహేనేళ్ల పనిని కొట్టేయగలిగితే నాలుగు గెలుపులు దేన్నయినా రుజువు చేయగలవు మరి. ఆ నాలుగూ గెలిచింది ఎవరు? హిమెనెజ్, బెంతాంకుర్, వాల్వెర్దే, దె అర్రాస్కాయెతా, సువారెజ్. ఒక్కొక్కరినీ కుర్రతనంలో నీలం చొక్కా తొడిగి నిలబెట్టింది మాస్టారు. కతార్‌లో అదే జట్టు గ్రూపు దశ దాటలేదు, ఆ తప్పు అలోన్సోది అని కూడా నేను అనను. ఏడాది కూడా నిండని మనిషిని ఏమని తప్పుపడతాం.

తొలగించిన వార్త నేను పొద్దున్నే ఫోనులో చదివాను. నాన్న వరండాలో కాఫీ తాగుతున్నారు. యెకాతెరిన్‌బర్గ్ మ్యాచ్ తర్వాత ఆయన ఫుట్‌బాల్ చూడటం మొదలుపెట్టలేదు, కానీ అప్పుడప్పుడూ "మీ మాస్టారు ఎలా ఉన్నారు" అని అడిగేవారు.

"నాన్నా, మాస్టారిని తీసేశారు" అన్నాను.

గ్లాసు కింద పెట్టి నా వైపు చూశారు. "విద్యా సంవత్సరం మధ్యలోనా?"

"అవును. ఇంకా నాలుగు మ్యాచ్‌లు ఉన్నాయి."